ఉండిపోయినవాడు

1992 ఏప్రిల్లో నేనొక అబద్ధం అచ్చేయించాను. అప్పటికి అది అబద్ధమని నాకు తెలీదు. తెలిశాక మాత్రం చాలా ఏళ్ళు నోరు మెదపలేదు. అందుకే ముందుగా ఆ సంగతి చెప్పుకుంటున్నాను.

ఆ ఏడు అంబేడ్కర్ జయంతికి కంచరపాలెం కుర్రాళ్ళం చందాలేసుకుని నాలుగు పేజీల కరపత్రం వేశాం. వెయ్యి కాపీలు. విశాఖ రేవు మీద జపాను బాంబులు పడి సరిగ్గా యాభై ఏళ్ళయింది గనక ఒక పేజీ దానికి కేటాయించాం. ఆ పేజీ నేను రాశాను. 1942 ఏప్రిల్ 6న బాంబులు పడితే బంగళాల వాళ్ళు, ప్లీడర్లు, వర్తకులు ప్రాణాలరచేత పట్టుకుని పరిగెత్తారనీ, మా తాత లాంటి మాల కూలీలు కదలకుండా నిలబడి రేవునీ ఊరినీ కాపాడారనీ రాశాను. తాత పేరు పెద్దక్షరాల్లో వేయించాను. చరిత్ర పుస్తకాల్లో లేని మావాళ్ళని నేను చరిత్రలోకి ఎక్కిస్తున్నానని అనుకున్నాను. మీటింగుల్లో చదివితే చప్పట్లు కొట్టారు. నాకప్పుడు ముప్పై ఏళ్ళు, రైల్వేలో ఉద్యోగం, పెళ్ళి కుదిరింది. ఆకలి లేదు. ఆకలి లేదన్న సంగతి ఎందుకు చెప్తున్నానో తర్వాత తెలుస్తుంది.

తాత ధైర్యం కథ మా ఇంట్లో ఎప్పట్నించో ఉంది. నాన్న చెప్పేవాడు, బాబాయిలు చెప్పేవారు. మా మేనత్త ఒక్కతే ఎప్పుడూ చెప్పలేదు. ఆడమనిషికి రేవు సంగతులేం తెలుస్తాయని మేమూ అడగలేదు. 

2004 డిసెంబరు మొదటి వారం. నేవీ డే సంబరాలు. మా అబ్బాయికి పదేళ్ళు, సబ్‌మెరైను చూపించమని ఒకటే గొడవ. 2002లో కురుసుర సబ్‌మెరైనుని బీచి ఒడ్డుకి లాగి మ్యూజియం చేశాక వాళ్ళ క్లాసులో పిల్లలందరూ చూసొచ్చారట, వీడొక్కడే మిగిలాడట. సరేనని ఆదివారం నేను, మా ఆవిడ, పిల్లాడు బయల్దేరాం. అత్త కూడా వస్తానంది. అప్పటికామెకి డెబ్బై దాటాయి. ఊర్వశి జంక్షన్లో సిటీ బస్సెక్కి, జగదాంబ దగ్గర దిగి ఆటో కట్టించుకున్నాం. పులిహోర, నీళ్ళ సీసా, అత్తకి చుట్టలు.

ముందు విశాఖ మ్యూజియం చూద్దామన్నాను. బీచి రోడ్డులో డచ్చివాళ్ళ పాత బంగళా. 1991లో దాన్ని మ్యూజియం చేశారు. జమీందార్ల కత్తులు, పాత ఫోటోలు, ఓడల బొమ్మలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోతున్నాం. అక్కడుంది బాంబు. జపానువాళ్ళు వేసిన రెండొందల యాభై పౌన్ల బాంబు పెంకు. దాన్నిచ్చినవారు వాఢ్వాన్ రాణీ సాహెబా. మా వాడు చీటీ పైకి చదువుతున్నాడు. నాకు ఛాతీ పొంగింది. వాడి భుజం మీద చెయ్యేసి, "దీనికే రా, పట్నమంతా పారిపోతే మీ ముత్తాతొక్కడు పారిపోలేదు" అన్నాను.

అత్త పక్కనే నిలబడి ఉంది. "గేసు బండ లాగుంది. దీనికేనేటిరా అంత పరుగు పరిగెట్టినాం?" అంది.

"పరిగెట్టారా?"

"పరిగెట్టక? ఒరే గుంటడా, మీ తాత మా అందరికంటే ముందే పరిగెట్టినాడు."

మా ఆవిడ నవ్వింది. పిల్లాడు నావైపు చూశాడు. నేను మాట మార్చి సబ్‌మెరైను దగ్గిరికి తీసికెళ్ళాను. తల్లీకొడుకులు టిక్కెట్లు తీసుకుని లోపలికెళ్ళారు. అత్త ఆ మెట్లెక్కలేదు. నేను ఆమె దగ్గర ఇసకలో కూలబడ్డాను. ఎదురుగా తొంభై మీటర్ల నల్లటి ఇనప చేప. సముద్రం మీద నేవీవాళ్ళ ఓడలు. అత్త చుట్ట ముట్టించి, నేను అడక్కుండానే చెప్పింది.

ముందురోజు ఈస్టరు పండగ. జ్ఞానాపురం గుడికెళ్ళి వచ్చారు. అత్తకి కొత్త పరికిణీ. సోమవారం విమానాలొచ్చాయి. "పిట్టలనుకున్నాం. రేవు కాడ నేల అదిరినాక తెలిసింది." తాత అప్పటికి రేవులో దినకూలీ, మాంగనీసు రాయి తట్టల్తో మోసే పని. తట్టక్కడ పడేసి ఇంటికొచ్చి, అత్తనీ నాన్ననీ చెరో చంకనేసుకుని, నానమ్మ నెత్తిన కుండ పెట్టి, గోపాలపట్నం, పెందుర్తి, కొత్తవలస మీదుగా నడిపించేశాడు. రోడ్డంతా జనం. బళ్ళున్నోళ్ళు బళ్ళ మీద, లేనోళ్ళు కాళ్ళ మీద. రెండ్రోజులకి విజయనగరం అవతల మా ఊరు చేరారు. అక్కడ మాలపేట ఉంది, పెదతాత గుడిసె ఉంది, తాగడానికి అంబలుంది. నెల్లాళ్ళున్నారు.

"మరి ఉండిపోయింది ఎవరత్తా?"

"రెల్లోడు."

కంచరపాలెం మెట్ట కింద మా పాకలకి అవతల, బురదగెడ్డ పక్కన ఒక రెల్లి పాక ఉండేదట. మొగుడూ పెళ్ళాం, చంటిబిడ్డ. పట్నంలో దొడ్లు ఎత్తే పని. తాత వెళ్ళిపోతూ కోళ్ళని వాడికప్పగించి పోయాడు. "నువ్వు రావేట్రా" అని కూడా అడిగాడట. "యాడకెల్లాలి మావా" అన్నాడట వాడు. పొద్దున్నే మేస్త్రీ వచ్చి తలలు లెక్కపెడతాడు, లేకపోతే కూలి పోతుంది, పని పోతుంది. పోనీ పోదామంటే ఏ ఊళ్ళో ఏ పేట ఉందని? "మాకు మాలపేటుంది. ఆడికేటుంది?" అంది అత్త. 

నెల్లాళ్ళ తర్వాత ఊళ్ళో గింజలయిపోయి తాత తిరిగొచ్చాడు. రేవులో కూలీలు కావాలి. పారిపోయినవాళ్ళని చేర్చుకోం, ఉన్నవాళ్ళకే పనంటున్నాడు మేస్త్రీ. "నేనెక్కడికీ పోలేదు దొరా, ఇక్కడే ఉన్నాను" అన్నాడు తాత. సాక్ష్యం ఎవరన్నాడు మేస్త్రీ. తాత రెల్లివాణ్ణి చూపించాడు. వాడు, "ఉన్నాడయ్యా, నాను సూసినాను" అన్నాడు. 

తాతకి పని దొరికింది. రెండేళ్ళకి కళాసీ అయ్యాడు. ఆ జీతం మీద నాన్న ఎనిమిదో తరగతి దాకా చదివాడు, ఆ చదువు మీద నాన్నకి ఉద్యోగం, దాని మీద నాకు. 

"ఆ సాయంత్రం మా యమ్మ ఆడికి గెంజి పోసింది" అంది అత్త. "ఎలా పోసింది?" అని ఎందుకడిగానో తెలీదు. అత్త చుట్ట నోట్లోంచి తీసి, చెయ్యి భుజం పైకెత్తి చూపించింది. అంత ఎత్తు నుంచి, వాడు దోసిలి పట్టి వంగుంటే. 

"ఆడి పేరేంటత్తా?"

అత్త చాలాసేపు సముద్రం వైపు చూసింది. "ఏమో. రెల్లోడనీవోలం" అంది.

ఈలోగా మా వాడు బయటికొచ్చి, లోపల డెబ్బై మందికి పైగా ఉండేవారనీ, పడుకోడానికి ఇరుకిరుకు అరలున్నాయనీ ఆపకుండా చెప్తున్నాడు. పులిహోర తిన్నాం. తిరిగొస్తుంటే బస్సులో వాడడిగాడు, "నాన్నా, ముత్తాత పారిపోయాడా, పోలేదా?" నేను, "అత్తమ్మ పెద్దదైపోయింది కదరా, మర్చిపోయి ఉంటుంది" అన్నాను. ఇది నా రెండో అబద్ధం. మొదటిది తెలీక ఆడింది. ఇది తెలిసి ఆడింది.

ఎందుకాడానో చెప్పాలి. దానికి సరిగ్గా నెల ముందు, 2004 నవంబరు 5న, ఎస్సీ వర్గీకరణ చట్టాన్ని సుప్రీం కోర్టు కొట్టేసింది. మా వీధిలో స్వీట్లు పంచారు. నేనూ ఒకటి తిన్నాను. వర్గీకరణలో రెల్లివాళ్ళది 'ఎ' గ్రూపు, వాళ్ళకి ఒక్క శాతం. ఆ ఒక్క శాతం పోయినందుకు మేం పంచుకున్న స్వీటది. వాళ్ళు మమ్మల్ని విడదీస్తున్నారన్నది మా వాదన. ఐక్యత పోతుందన్నాం. ఆ ఐక్యతలో ఎవడి చెయ్యి ఎంత ఎత్తునుందో అత్త బీచిలో చూపించాక ఆ స్వీటు నాకు ఇన్నాళ్ళకీ అరగలేదు.

తాత పారిపోవడం తప్పని నేననుకోను. బాంబు పడితే పిల్లల్ని చంకనేసుకుని పారిపోవడమే మనిషి లక్షణం. ఆ ఏప్రిల్లో మద్రాసు సర్కారే తన ఆఫీసులు మూసుకుని లోపలి ఊళ్ళకి పోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరు పోయింది. ముందురోజు కొలంబో మీద బాంబులు, అదే వారంలో బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడల్ని ముంచేశారు, మనకి అవతల కాకినాడ మీద కూడా బాంబులేశారు. అంత భయంలో సర్కారు పోతే ముందుచూపు, యూనివర్సిటీ పోతే తరలింపు, కూలోడు పోతే మాత్రం పారిపోవడం. మేస్త్రీకి తాత చెప్పిన అబద్ధం కూడా నాకు తప్పుగా తోచదు. ఆకలితో ఉన్నవాడు అన్నం దగ్గర కాపలా ఉన్నవాడితో ఆడే అబద్ధం అది. నిజం చెప్తే పని ఇచ్చే లోకమైతే తాత నిజమే చెప్పేవాడు. 

తప్పు నా కరపత్రంలో ఉంది. తాతకి ఆ అబద్ధం కూడు పెట్టింది. నాకు చప్పట్లు పెట్టింది. తాత మేస్త్రీకొక్కడికే చెప్పాడు, అదీ సాక్షిని పక్కన నిలబెట్టుకుని. నేను వెయ్యిమందికి చెప్పాను, సాక్షిని పూర్తిగా చెరిపేసి. అగ్రవర్ణ చరిత్రకారుడు మమ్మల్ని ఏం చేశాడని ఊగిపోయానో, అదే పని మా కంటే కింద నిలబెట్టిన వాణ్ణి నేను చేశాను. తెలీక చేశాను గదా అని మిత్రుడొకడు సముదాయించాడు. చరిత్రకారుడు మాత్రం తెలిసి చేశాడా? అతను కూడా వాళ్ళింట్లో విన్న కథే రాశాడు. 

ఇక్కడితో ఆగితే పని సులువే. తాత పేరు కొట్టేసి, రెల్లివాడే వీరుడని రాసేయొచ్చు. రెండు మూడుసార్లు రాయబోయాను కూడా. కలం సాగలేదు. ఎందుకంటే, ఉండిపోవడం అతను ఎంచుకున్నది కాదు. "యాడకెల్లాలి మావా" అన్నవాణ్ణి పట్టుకుని, 'నువ్వు ధైర్యంగా నిలబడ్డావు' అనడం ఎంత సుఖమైన మాట! ఆ మాట అతనికేం ఇవ్వదు. పారిపోయిన మాకు మాత్రం బరువు దించుతుంది. అతను ధైర్యస్తుడైతే మేం కేవలం పిరికివాళ్ళం, అంతటితో సరి. అతను దిక్కులేక ఉండిపోయాడంటే, దిక్కు ఎవరు మూశారన్న ప్రశ్న లేస్తుంది. పట్నం మూసింది, మేస్త్రీ మూశాడు. మా ఊరి మాలపేట కూడా మూసింది. ఆ రోజు తాత 'మా పేటకి రా' అని ఉంటే మా పెదతాత ఆ గుడిసెలో అతనికి చోటిచ్చేవాడా? నాకు మా పెదతాత తెలుసు. ఇచ్చేవాడు కాదు.

ఇది ఒక్క విశాఖ సంగతి కాదు. మా కంచరపాలెంలోనే బర్మా క్యాంపు ఉంది. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చాక బర్మా నుంచి కట్టుబట్టలతో వచ్చేసిన తెలుగువాళ్ళు అక్కడ స్థిరపడ్డారు. అక్కడి పెద్దలతో కూర్చుంటే రంగూను కథలు వినొచ్చు. 1941 డిసెంబరు 23న రంగూను మీద బాంబులు పడ్డాయి. రేవు కూలీలు, వీధులూడ్చే వాళ్ళు, దొడ్లెత్తే వాళ్ళు చాలామంది మన తీరం నుంచి ఓడెక్కి వెళ్ళినవాళ్ళే. వాళ్ళు వెళ్ళిపోతే రేవు ఆగింది, ఊరు కంపెక్కింది. అధికారులు ప్రోం రోడ్డు మీద నడిచిపోతున్న వాళ్ళని ఆపి, నచ్చజెప్పి, మళ్ళీ పనుల్లోకి వెనక్కి తీసుకొచ్చారు. రెండు నెలలయ్యాక అదే సర్కారు రంగూను వదిలేసి తను వెళ్ళిపోయింది. అప్పుడు కూలోళ్ళు కొండలెక్కి, అడవుల్లో కలరాతో, మలేరియాతో పడిపోతూ నడిచారు. దారిలో వేలమంది పోయారు. తెల్లవాళ్ళకొక దారి, నల్లవాళ్ళకొక దారి పెట్టారని అప్పుడే దేశమంతా గగ్గోలైంది. 

రంగూను దగ్గర తాక్యాన్‌లో యుద్ధ స్మారకం ఉంది. సమాధి కూడా దక్కని సుమారు 27 వేలమంది సైనికుల పేర్లు అక్కడ స్తంభాల మీద చెక్కారు. మంచి పని. సైనికుడికి నంబరుంటుంది, జాబితా ఉంటుంది, పేరుంటుంది. 1941 అక్టోబరులో మహర్ రెజిమెంటు పెట్టించడానికి బాబాసాహెబ్ ఎందుకంత పట్టుబట్టాడో నాకు అప్పుడర్థమైంది. తెల్లవాడి యుద్ధంలో మనకేం పనని ఆయన్ని ఆడిపోసుకున్నవాళ్ళున్నారు. ఆయన తండ్రి సుబేదారు. మహర్లని సైన్యంలోకి రానివ్వకపోతే ఏం పోయిందో ఆయన ఇంట్లోనే చూశాడు. సైన్యంలో చేరితే చచ్చినా పేరు మిగులుతుంది, బతికితే పింఛనొస్తుంది. దొడ్డెత్తిన వాడికి, రాయి మోసిన వాడికి, అడవిలో కలరా తగిలి పడిపోయిన వాడికి ఎవరూ స్తంభం కట్టలేదు. వాళ్ళు లేకపోతే ఆ యుద్ధం ఒక్కరోజు నడిచేది కాదు, అయినా అది వాళ్ళు చేసిన యుద్ధం కాదట!

మ్యూజియంలో చీటీ రాసినవాళ్ళని నేనేమీ అనను. చీటీలు వస్తువుల కోసం రాసేవి. బాంబు దొరికింది, చీటీ రాశారు. గంజి తాగిన దోసిలి ఎక్కడ దొరుకుతుంది, దానికి చీటీ రాయడానికి?

అత్త 2009లో పోయింది. ఆమె ఉండగానే నేను రెల్లివీధికి వెళ్ళాను. తెలిసినవాడొకడు మున్సిపాలిటీలో పనిచేస్తాడు, అతను తీసికెళ్ళాడు. ముసలివాళ్ళు ముగ్గురు నలుగురు కూర్చున్నారు. ఏ పేరు పెట్టి అడగను? 'బాంబులప్పుడు కంచరపాలెం మెట్ట కింద ఉండేవాడు, చంటిబిడ్డ ఉండేది' అన్నాను. ఒకావిడ నవ్వేసింది. "బాబూ, మా తాతలందరూ అదే పని సేసినారు. అందరూ ఉండిపోయే ఉంతారు. మీకు ఎవుడు గావాలి?" అంది. ఇంకొకాయన, "ఇన్నేళ్ళకిప్పుడెందుకు?" అన్నాడు. మా తాతకి సాక్ష్యం చెప్పాడని చెప్పాను. గంజి సంగతి కూడా చెప్పాను, చెయ్యెత్తి చూపించలేదు. చూపించక్కర్లేకపోయింది. ఆయనకి ఆ ఎత్తు తెలుసు. టీ తెప్పించారు. గాజు గ్లాసులో వచ్చింది, తాగాను. తాగుతున్నప్పుడు నలుగురూ నన్నే చూస్తున్నారు.

2020 మార్చి 22 సాయంత్రం అయిదు గంటలకి మా వీధివీధంతా బయటికొచ్చి కంచాలు వాయించింది. కరోనాకి ఎదురు నిలబడిన పారిశుధ్య కార్మికులు వీరులట, యోధులట. తర్వాత కొన్నిచోట్ల కాళ్ళు కడిగారు, పూలు చల్లారు. అందరం ఇంట్లో ఉన్నాం. వాళ్ళు మాత్రం చీపురు పట్టుకుని రోడ్డు మీద ఉన్నారు, ఎందుకంటే పొద్దున్నే మేస్త్రీ తలలు లెక్కపెడతాడు. మా వీధికొచ్చే అమ్మాయిని అడిగాను, భయం లేదా తల్లీ అని. "భయం నేకేటి బాబూ? రాకపోతే తీసీరా?" అంది. మా ఆవిడ నీళ్ళిచ్చింది. ప్లాస్టిక్ సీసాలో. దూరం పాటించాలి గదా! ఆ రోజుల్లో ఆ దూరం అందరికీ అందరితోనూ ఉంది, దాన్ని పట్టుకుని మా ఆవిణ్ణి అనడానికి లేదు. కానీ నాకు చెయ్యి భుజం దాకా లేచినట్టే కనపడింది.

2017లో, బాంబులు పడి 75 ఏళ్ళయిన సందర్భంగా, మా సంఘం కుర్రాళ్ళు జయంతి సంచిక వేస్తూ నా పాత పేజీ తిరిగి వేస్తామన్నారు. వద్దు, కొత్తది రాసిస్తానని ఇదంతా రాసిచ్చాను. చదివి కాసేపు మాట్లాడలేదు. చురుకైన కుర్రాడొకడు, లా చదువుతున్నాడు, అన్నాడు: "బాబాయ్, ఇది నిజమే అయ్యుండొచ్చు. ఇప్పుడిది వేస్తే వర్గీకరణ వాళ్ళు ఎత్తి చూపిస్తారు. మనలో మనం తర్వాత మాట్లాడుకుందాం." ఆ కుర్రాడంటే నాకు గౌరవం. అతని భయం ఉత్తదని కూడా అనను. మనలో ఉన్న పగుళ్ళలో చెయ్యి పెట్టి లాగడానికి బయట చాలామంది ఉన్నారు. కానీ ఆ 'తర్వాత' అన్న మాట నాకు బాగా తెలిసిన మాట. మన పెద్దలు స్వాతంత్ర్యం వచ్చాక చూద్దామన్నప్పుడు విన్నాం, విప్లవం వచ్చాక చూద్దామన్నప్పుడు విన్నాం. అన్నవాళ్ళని కడిగేశాం కూడా. ఆ మాటే ఇప్పుడు మా నోట్లోంచి వస్తోంది. 

సంచిక వచ్చింది. నా పేజీ ఉండాల్సిన చోట బాబాసాహెబ్ ఫోటో వేశారు. ఫోటో బాగుంది.

2024 ఆగస్టు 1న సుప్రీం కోర్టు వర్గీకరణ చేసుకోవచ్చంది. ఈసారి మా వీధిలో స్వీట్లు లేవు. ఆ రాత్రి మా అబ్బాయి ఫోన్ చేశాడు. ఇప్పుడు బెంగుళూరులో ఉంటాడు, వాడికో కూతురు. కోర్టు సంగతి కాసేపు మాట్లాడుకున్నాం. వాడికి తీర్పు నచ్చలేదు, నాకు నచ్చిందంటే వాదించాడు. మధ్యలో ఆగి, "నాన్నా, అప్పుడు బీచిలో అత్తమ్మ చెప్పింది నిజమే కదా?" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా వాడు దాన్ని మోస్తున్నాడని నాకు తెలీదు.

నిజమే అన్నాను. మొత్తం చెప్పాను. వాడు విని, "ఆయన పేరేంటి?" అన్నాడు.